తెల్లకాగితం మీది చెక్కుబందీ

మొన్న గురువారం పొద్దున నేనింకా కుర్చీలో సరిగ్గా కూర్చోనేలేదు, పులివెందుల నుంచి వచ్చిన ఒకావిడ నా బల్ల మీద కాగితం ఒకటి పెట్టింది. లామినేషన్ చేయించిన కాగితం. అంచులు పసుపెక్కాయి, ఒక మూల ఎలుక కొరికింది. దాని మీది రాత చూడగానే అది నాదేనని తెలిసిపోయింది. కింద ఉన్న గుండ్రటి ముద్ర కూడా నాదే.

"ఇది మీరు రాసిందే గదప్పా?" అంది.

"నేనే రాసినానమ్మా."

"చెల్లుతాదా?"

నేను జమ్మలమడుగులో రిజిస్ట్రారాఫీసుకు ఎదురుగా దస్తావేజులు రాసేవాణ్ని. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఈ ప్రశ్న నన్ను రోజుకు పదిమంది అడుగుతారు. కాగితం తిరగేసి చూడకుండానే పదిమందికీ జవాబు చెప్పగలను. ఈవిడకు మాత్రం చెప్పలేక, "కూచోమ్మా, టీ తెప్పిస్తా" అన్నాను. ఆవిడ తండ్రి పోయి మూడు నెలలైంది. పోయినా సరే, నా బల్ల దగ్గరికి రావడం మానలేదు ఆ మనిషి!

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే తండ్రి పేరు, వయసు, వృత్తి, ఇంటి నంబరు కూడా రాయాలనిపిస్తుంది, చేతికి పట్టిన జబ్బు అది. ఊరి వరసకు నాకు మామ. వాళ్లది గొర్రెల కాపర్ల ఇల్లు, మాది సేద్యపు ఇల్లు. మా ఊళ్లో వరసలకు అవేవీ అడ్డం రావు. ఆయనకు పదమూడెకరాల బీడు ఉండేది. దానికి పడమర గట్టు ఇవతల నా నాలుగున్నర ఎకరాల శనగచేను. మా ఇద్దరికీ మధ్య ఉన్న సంబంధం ఆ గట్టే, తగువు కూడా ఆ గట్టే.

ఆయన నా దగ్గరికి ఎప్పుడొస్తాడో పంచాంగం చూసి చెప్పొచ్చు. అమావాస్య నాడు నేను ఈగలు తోలుకుంటూ కూర్చుంటాను, ఆరోజు రాడు. మాఘమాసంలో మంచి ముహూర్తం చూసుకుని నాలుగు పార్టీలు కార్లేసుకుని వచ్చి, ఆఫీసులో సర్వరు పనిచేయక అందరూ నా మీద అరుస్తున్నప్పుడు వస్తాడు. తలకు తువ్వాలు, చేతిలో కర్ర, కాళ్లకు టైరు చెప్పులు. కుర్చీ వేస్తే కూర్చోడు. సరిగ్గా గుమ్మంలో గొంతుక్కూర్చుంటాడు. లోపలికి వచ్చేవాళ్లు, బయటికి పోయేవాళ్లు ఆయన్ను దాటుకుని పోవాలి.

"మామా, కుర్చీలో కూచో."

"కుర్చీలో కూచుంటే కాళ్లు యాలాడతాయప్పా. మాటలు సరిగా రావు."

మాటలు రాకపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో! పంచె మడతలోంచి పేపరు పొట్లం తీసేవాడు. మొదటిసారి బెల్లం అనుకున్నాను. నా ముందున్న స్టాంపు పేపరు మీదే విప్పాడు. నక్క పెంట. ఎండిపోయి, నల్లగా, వేలెడు పొడవు.

"చూడు అల్లుడా, దీంట్లో ఏముండాయి?"

"నాకేం తెల్సు మామా, ముందు తియ్యి!"

"రేగిగింజలు. నక్క పండ్లు తింటాది, నడుచ్చాది, ఆడాడ ఏస్తాది. వానకు మొలుస్తాయి. బీడులో రేగిచెట్లు నాటింది ఎవురు? నేనా, నువ్వా?"

ప్రొద్దుటూరు నుంచి స్థలం రిజిస్ట్రేషన్‌కు వచ్చిన బంగారం అంగడి ఆసామి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి పోయి నిలబడ్డాడు. ఆ పార్టీ మళ్లీ నా దగ్గరికి రాలేదు.

ఆయనకు కావలసింది ఒక్కటే. తను పోయాక కూడా ఆ పదమూడెకరాలు ఎవరూ దున్నకుండా, తవ్వకుండా, కంచె వేయకుండా రాసివ్వాలి. ఆఫీసుల్లో అడిగితే పట్టా భూమి నీ ఇష్టం అన్నారట. ఆ మాట పట్టుకుని నా మీద పడ్డాడు.

"సరే, ఎవరి పేరు మీద రాయమంటావు?"

"వాటి పేరు మీద."

"వాటంటే?"

"ఆడ ఉండేటియ్యి. జింకలు, కుందేళ్లు, నెమిళ్లు, పూరేడు పిట్టలు. అన్నీ."

"మామా, రాసిచ్చేవాడు ఒకడుండాల, రాయించుకునేవాడు ఒకడుండాల. జింకకు ఆధార్ కార్డు లేదు. వేలిముద్ర పడదు."

"వేలు లేకుంటే గిట్ట ఉండాది గదా. రోజూ ఏస్తానే ఉండాయి ముద్రలు. నీ చేన్లో చూడలేదా?"

చూడకేం. చూసి చూసే నా నెత్తి నెరిసింది.

ఆ బీడంటే పెద్ద అడవేమీ కాదు. ఎవరైనా చూస్తే దీనికోసమా ఇంత గొడవ అంటారు. సగం నాపరాళ్లు పైకి తేలిన గుట్ట, సగం ఎర్రమట్టి మెరక. రేగి, బలుసు, తంగేడు, అక్కడక్కడా తుమ్మ. తూర్పున చిన్న వంక. వాళ్ల నాయన కాలంలో గొర్రెల మంద మేసేదట. మందలు పోయాయి, బీడు మిగిలింది. చుట్టూ శనగ, పత్తి, పొద్దుతిరుగుడు. ఉత్తరాన కనుచూపు మేర సోలారు పలకలు. నడిమధ్యన ఈ పదమూడెకరాలు దువ్వని తల మాదిరి ఉంటాయి.

ఉత్తరపు గుట్టలో తోడేలు బొక్క ఉంది. గొర్రెలు కాసిన వంశంలో పుట్టినవాడు తోడేలును కాపాడతాడా అని ఊరంతా నవ్వేవాళ్లు. నేనూ అడిగాను. "మందలో కుంటిదాన్ని, రోగం దాన్ని మొదట చూసేది తోడేలే. మనకంటే ముందే దానికి తెలుస్తాదని మా నాయన అంటాండె. మావి శానా తినింది. మందను మాత్రం బతికిచ్చింది" అన్నాడు.

నా చేను సంగతి చెప్తాను. అక్టోబరులో శనగ విత్తుతాను. చిగురు తొడిగి పచ్చగా పరుచుకునే వేళకు జింకలు దిగుతాయి. పగలు ఆయన బీడులో పొదల నీడన పడుకుంటాయి, పొద్దువాలగానే గట్టు దూకి నా చేనులో మేస్తాయి. నేను చేయని ఉపాయం లేదు. డబ్బాలు కట్టాను, టేపులు కట్టాను. చివరికి నా భార్య పాతచీరలన్నీ తెచ్చి గట్టు పొడవునా కట్టాను. మామ వచ్చి ఆ చీరల వెంబడి కొస నుంచి కొసకు నడిచి చూసి, ఒకదాని దగ్గర ఆగాడు.

"ఈ పచ్చచీర ఏల కట్టినావప్పా? మీ ఇంటామె కట్టుకుంటే శానా బాగుండె."

జింకలకు భయం పుట్టలేదు గానీ, ఆ మాట ఇంట్లో చెప్పి నేను రెండు రోజులు మాట పడ్డాను.

నష్టం చూడ్డానికి మాత్రం తప్పకుండా వచ్చేవాడు, చావు పలకరింపుకు వచ్చినట్టు. సాళ్లలో వంగి, కొరికిన మొక్కల్ని వేళ్లతో తడిమి, "మూడు సాళ్లే తిన్నాయి. పోయినేడు నాలుగు" అనేవాడు.

"అవి నీ బీడులో పండుకుని నా చేన్లో తింటాయి మామా. ఇల్లు నీది, హోటలు నాది. ఇదేం న్యాయం?"

"మరి యాడికి పోతాయప్పా అవి?"

ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా చివరికి ఆ ఒక్క మాటే. తిట్టినా అదే, బతిమాలినా అదే. ఒకసారి కడుపు మండి, "తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టుంది నీ వరస" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. పైగా ముఖం వెలిగింది.

"మూడు కాళ్ల కుందేలు ఒకటుండాది మా బీడులో. ఉచ్చులో పడి ఒక కాలు పోగొట్టుకున్న్యాది. నీకెవురు చెప్పినారు? రా, చూపిస్తా."

నా చెయ్యి పట్టుకుని ఎండలో అరగంట తిప్పాడు. బలుసుపొద దగ్గర నిజంగానే ఉంది. మూడు కాళ్ల మీద గెంతుతూ పోయింది. ఇంక ఆయన్ను ఏ సామెతతో తిట్టాలో నాకు తోచలేదు.

నా పని కూడా చెడగొట్టాడు ఆయన. ఒకరోజు ఎవరిదో క్రయపత్రం చదివి వినిపిస్తున్నాను. మా రాతల్లో పాతకాలం నాటి వరస ఒకటుంది. భూమితో పాటు నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలూ కొన్నవాడికి దక్కుతాయని రాస్తాం. మా గురువు రాశాడు, నేనూ రాస్తున్నాను. గుమ్మంలోంచి మామ చెయ్యెత్తాడు.

"అక్షిణి అంటే ఏంది అల్లుడా?"

ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాడు లేడు. నాకూ తెలియదు. "పాతమాటలే మామా" అన్నాను.

"సరే. జలమంటే నీళ్లు, పాషాణమంటే రాయి. నిధి అంటే పూడ్చిపెట్టిన సొమ్ము. ఎనిమిది చెప్పినావు. ఊపిరుండేది ఒక్కటీ లేదే?"

కొనేవాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వి, "నీకు పనీపాటా లేదు మామా, లేచి పో" అన్నాను. లేచి పోయాడు. అప్పటినుంచి ఆ వరస రాసేటప్పుడల్లా పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. ఇరవై ఆరేళ్ల అలవాటును పాడుచేసి పోవడం ఎంత అన్యాయం?

ఇంతలో సోలారువాళ్ల ఏజెంట్లు వచ్చారు. మా వైపు పొలాలన్నీ ఒక ముక్కగా గుత్తకు కావాలన్నారు. అందరూ ఒప్పుకున్నారు. నేను అందరికంటే ముందు ఒప్పుకున్నాను. జింకల పీడ విరగడవుతుంది, చీరలు కట్టే పని తప్పుతుంది అనుకున్నాను. కానీ మామ బీడు నడిమధ్యన ఉంది. అది లేకపోతే నా చేనుకు దారి లేదు, నా చేను వాళ్లకు అక్కరలేదు. నువ్వే నచ్చజెప్పాలన్నారు ఏజెంట్లు. పోయాను. ఆయన మజ్జిగ ఇచ్చి, నేను చెప్పిందంతా అడ్డురాకుండా విన్నాడు.

"ఆ పలకల కింద పూరేడు పిట్ట గుడ్లు పెడ్తాదా?" అన్నాడు చివరికి.

"పెట్టకపోతే ఏం మామా?"

ఖాళీ చెంబు నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు శానా సదువుకున్నావు అల్లుడా" అన్నాడు. పొగిడాడో తిట్టాడో ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇప్పుడు ఆ తెల్లకాగితం సంగతి. ఎనిమిదేళ్ల కిందట, మాఘమాసంలోనే. ఆరోజు నా ముందు తొమ్మిది పార్టీలు. సర్వరు పొద్దుటి నుంచీ నిద్రపోతోంది. వర్జ్యం ముంచుకొస్తోందని ఒకాయన నా చొక్కా పట్టుకున్నంత పని చేస్తున్నాడు. గుమ్మంలో మామ. "నాది రాయి అల్లుడా, నేను పొయినాంక ఎవురు చూస్తారు" అని పదోసారి అన్నాడు. నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. "రాస్తా మామా, ఇప్పుడే రాస్తా, చెప్పు" అని ప్రింటరులోంచి తెల్లకాగితం లాగాను. స్టాంపు పేపరు కాదు. ఉత్త తెల్లకాగితం.

భూమి రాసేటప్పుడు నాలుగు దిక్కులా హద్దులు రాయాలి. దాన్నే చెక్కుబందీ అంటాం. ఆయన కళ్లు మూసుకుని చెప్పుకుంటూ పోయాడు, నేను రాసుకుంటూ పోయాను. తూర్పున నెమళ్లు నీళ్లకు దిగే వంకదావ. దక్షిణాన కుందేళ్లుండే రేగిపొదలు. ఉత్తరాన తోడేలు బొక్క గల నాపరాళ్ల గుట్ట. పడమర ఈ దస్తావేజు రాసేవాని శనగచేను. ఈ భూమిని నేను గానీ, నా తర్వాత నా కూతురు గానీ దున్నరాదు, తవ్వరాదు, కంచె వేయరాదు, ఒకరికి గుత్తకు ఇవ్వరాదు. అష్టభోగాలు రాస్తుంటే ఆపి, ఊపిరి గల సమస్త జీవములతో సహా అని చేర్పించాడు. అయిపోయిందనుకుంటే, "ఇంగొక్క మాట" అన్నాడు.

"ఇందులోని జీవాలు పడమటి చేన్లో మేస్తే, ఆ ఆసామి గెనిమ దాకా తరుముకోవచ్చు. గెనిమ దాటి తరమగూడదు."

గెనిమ అంటే మా ఇద్దరి మధ్య ఉన్న గట్టే. నా పెన్ను ఆగింది. "ఆ ఆసామి నేనే గదా మామా?"

"నువ్వే. న్యాయమే గదప్పా? నీ చేన్లో ఉన్నెంతసేపూ నీ ఇష్టం. ఇంటికి పొయినాంక తరమగూడదు."

వర్జ్యం ఆయన మళ్లీ అరిచాడు. రాసేశాను. మామ వేలిముద్ర వేశాడు. టీ ఇవ్వడానికి వచ్చినవాడితో, వర్జ్యం ఆయనతో సాక్షి సంతకాలు పెట్టించాను. నా గుండ్రటి ముద్ర తీసి, ఉన్న కోపమంతా పెట్టి ధబీమని గుద్దాను. అది రిజిస్టరు కాలేదు, కాదు. రాయించుకునేవాడు లేని దస్తావేజు ఈ దేశంలో ఎక్కడా పుట్టదు.

"ఇంగ ఇది చెల్లుతాదా?" అన్నాడు.

"చెల్లుతాది, పో మామా."

వారం తిరక్కుండానే దాన్ని ప్రొద్దుటూరుకు తీసుకుపోయి లామినేషన్ చేయించుకొచ్చాడు. తడిసినా ఏం కాదంట అని మురిసిపోతూ చూపించాడు. లామినేషన్ చేసిన కాగితాన్ని ఏ ఆఫీసూ ముట్టుకోదని నేనెందుకు చెప్తాను? ముట్టుకోకపోతేనే నాకు మంచిది.

ఆ కాగితం పనిచేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. పనిచేసింది. మా వైపు ముద్ర ఉన్న కాగితాన్ని ఎవరూ చదవరు. ముద్ర గుండ్రంగా ఉందా లేదా అని చూస్తారు, అంతే. కనుమ నాడు మా ఊళ్లో పారువేట జరుగుతుంది. దేవుడి పల్లకి పొలాల్లోకి వస్తుంది, వేట తంతు జరిగాక జనం కుక్కల్ని వదిలి కుందేళ్ల మీద పడతారు. కాగితం రాసిన మరుసటి కనుమకు మామ గట్టు మీద కాగితం పైకెత్తి నిలబడ్డాడు. "దేవుడు రావొచ్చు. పల్లకి నేనే మోస్తా. కుక్కలు మాత్రం గెనిమ కాడ ఆగాల. రాతకోతలు అయినాయి" అన్నాడు. చదవడం రాదు గానీ, అందులోని ప్రతి అక్షరం ఆయనకు నోటికి వచ్చు. తూర్పున వంకదావ నుంచి మొదలుపెట్టి గడగడా చెప్పేశాడు. కుక్కలు ఆగాయి. ఇంకోసారి నాపరాయి తవ్వడానికి ఎవరో జేసీబీ తెస్తే, దాని డ్రైవరు ముద్ర చూసి యంత్రం వెనక్కి తిప్పుకుని పోయాడు. చివరికి సోలారు ఏజెంటు నా దగ్గరికే వచ్చి, అదేం డాక్యుమెంటు సార్ అని అడిగాడు.

చిత్తుకాగితం అని ఒక్క మాట అంటే నా చేను గుత్తకు పోయేది. కానీ నా ముద్ర నేనే చిత్తుకాగితం మీద ఎందుకు గుద్దానో చెప్పాలి కదా. "నాకు పనుంది, తర్వాత రా" అన్నాను. వాళ్లు మా వైపు వదిలేసి ఉత్తరంగా పోయారు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నా సొంత ముద్రే నా సొంత చేనుకు అడ్డం పడింది, ఎవరితో చెప్పుకోను?

నిరుడు వానాకాలంలో ఆయన్ను ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నీరు. ఇంక దాచకూడదు, పోయేలోపు నిజం చెప్పెయ్యాలి, కూతురితో ఏదన్నా సరైన ఏర్పాటు చేసుకుంటాడు అనుకుని పోయాను. మంచం మీద చిక్కి సగమయ్యాడు. నన్ను చూడగానే దిండు కింద చెయ్యి పెట్టి ఆ కాగితం తీశాడు.

"ముద్ర మాసిపోతాండాది అల్లుడా. ఇంగోసారి ఎయ్యి."

ముద్ర నా సంచిలోనే ఉంది. ప్లాస్టిక్ మీద సిరా నిలవదని చెప్పినా వినలేదు. వేశాను. సిరా అలుక్కుపోయి నీలంమరక అయింది. ఆయన దాన్ని ఊదుకుంటూ ఆరబెట్టాడు.

"మామా, నీకొక మాట చెప్పాల" అన్నాను.

"నేనే చెప్తా. నా వల్ల నీకు శానా నష్టమయినాది, నాకు తెల్సు. నువ్వు రాయకుండా ఉండొచ్చు. రాసినావు. మా ఇంట్లో వాండ్లు కూడా నన్ను ఎర్రోడన్న్యారు. నువ్వు మాత్రం కూచుని రాసినావు." దగ్గు వచ్చి ఆగాడు. "ఇంగ నాకు బయం లేదప్పా."

ఇంతకంటే ఇరకాటంలో పెట్టే మాట ఇంకొకటి ఉంటుందా? తిట్టినా బాగుండేది. బత్తాయిపండ్ల సంచి అక్కడ పెట్టి బయటికొచ్చి, బస్టాండు దాకా నన్ను నేనే తిట్టుకుంటూ నడిచాను. ఏడుపొచ్చింది కూడా. ఆ తర్వాత నెలకు పోయాడు.

ఇదీ ఆ కాగితం కథ. టీ చల్లారిపోయింది. ఆవిడ తాగలేదు.

"మా ఆయన, ఏజెంటు ఎదురుగా హోటల్లో కూచున్న్యారు" అంది. "వాండ్లు మళ్లా వచ్చినారు సోలారుకు. భూమి నా పేరు మీదకు వచ్చినాది. ఈ పొద్దు మీతోనే గుత్త కాగితం రాయించి సంతకం పెట్టాలని తీసుకొచ్చినారు. ఇదేమో చిత్తుకాగితమని మా ఆయన అంటాడు. మా నాయన పొయ్యే ముందు 'కాగితముండాది, రైటర్ను అడుగు' అన్న్యాడు. మీరు చెల్లదంటే ఇప్పుడే సంతకం పెడ్తా. చెల్లుతాదంటే పెట్టను. నా సంతకం లేంది ఎవురూ ఏమీ చేయలేరు."

"మీకు జరుగుబాటుకు ఇబ్బందేమన్నా ఉండాదామ్మా?"

"చీనీతోట ఉండాది. తిండికి లోటు లేదప్పా."

ఆవిడ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. నేను వృత్తిపరంగా దాన్ని మరోసారి చూశాను. స్టాంపు లేదు. రిజిస్ట్రేషన్ లేదు. రాయించుకున్నవాడు లేడు. కూతురి చేతులు కట్టేసే షరతు నిలవదు. పైన ప్లాస్టిక్, దాని మీద నీలంమరక. ఇంత పనికిరాని దస్తావేజు నా చేతుల్లోంచి ఇంకొకటి పోలేదు. చెల్లదు అంటే చాలు. ఆవిడ సంతకం పెడుతుంది, నా చేనుకు దారొస్తుంది, చీరలు కట్టే పని ఈ జన్మకు తీరిపోతుంది. ఇరవై ఆరేళ్లలో ఒక కాగితం గురించి తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవాణ్ని కాను. మామకు ఆరోజు చెప్పింది విసుగులో నోరుజారిన మాట, దాన్ని లెక్కలోకి తీసుకోను.

"చెల్లుతాదమ్మా" అన్నాను.

"ఖాయంగానా?"

"ముద్ర నాదే గదా."

ఆవిడ కాగితాన్ని చీర కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా పోయి, సరిగ్గా ఆయన కూర్చునే చోట ఆగి, "వస్తా బావా" అంది. అంతవరకూ అప్పా అన్న మనిషి. కాసేపటికి ఆవిడ భర్త రోడ్డు దాటి వచ్చి నా మీద విరుచుకుపడ్డాడు. లాయరును అడుగుతానన్నాడు. అడుక్కోమన్నాను. లాయరు ఏం చెప్తాడో నాకూ తెలుసు, ఆమెకూ తెలుస్తుంది. సంతకం మాత్రం ఆమెది.

ఆ సాయంత్రం చేనుకు పోయాను. పోకుండా ఉండాల్సింది. పన్నెండు జింకలు నా శనగలో, మగపెండ్లివారు పంక్తిలో కూర్చున్నట్టు, తీరిగ్గా మేస్తున్నాయి. పచ్చచీర ఒక కొస ఊడి నేల మీద పడి ఉంది. దాని మీదే ఒకటి నిలబడింది. నాకు ఒళ్లు మండింది. రాయి తీసుకుని, నోటికొచ్చినవన్నీ తిడుతూ, ఆ మనిషిని కూడా కలిపి తిడుతూ, చేనంతా అడ్డంపడి తరిమాను. అన్నీ ఒక్కొక్కటిగా గట్టు దూకాయి. నాలుగడుగులు పోయి, బలుసుపొదల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూస్తూ నిలబడ్డాయి. రాయి విసిరితే తగిలేంత దూరమే.

గట్టు మీద ఆగిపోయాను. చేతిలో రాయి అట్లాగే ఉంది. అవతల తరమడానికి నాకు హక్కు లేదు. ఆ మాట రాసింది నేనే.